వదిన ఓవెనూ, పిచిక ఎలుకలూ

బేకరీలో గల్లాపెట్టె దగ్గర కూర్చునేది అన్నయ్యే అయినా, రొట్టె మాత్రం వదిన చేతిది. ఆ సంగతి వీధి వీధంతటికీ తెలుసు. తెల్లవారుజామున ఆవిడ మేడమెట్లు దిగి, ఏప్రన్ బిగించి, పిండి కలిపే మిషను మీట నొక్కితే గానీ ఆ ఇంట్లో పొద్దు మొదలయ్యేది కాదు. ముద్ద పొంగిందో లేదో వేలితో ఓ నొక్కు నొక్కి చెప్పేసేది. ఓవెన్ తలుపు తీసి, లోపలికి అరచెయ్యి చూపించి, వేడి చాలిందో లేదో తేల్చేసేది. వేడి చూపించే ముల్లు ఒకటి ఆ ఓవెన్‌కి ఉంది గానీ, దాని మొహం ఆవిడ ఎన్నడూ చూసిన పాపాన పోలేదు.

పిచిక అన్నయ్యకి చెల్లెలు. వయసులో ఇద్దరికీ చాలా ఎడం. చిన్నప్పుడు అన్నం కెలికి లేచిపోతూ పిట్టంత ఉండేదని వదినే ఆ పేరు పెట్టింది. అసలు పేరు బడి రికార్డులో తప్ప ఎక్కడా వినబడదు. తల్లి పోయాక ఆ పిల్లకి జడ వేసిందీ, జ్వరమొస్తే మంచం పక్కన జాగారం చేసిందీ వదినే. పరీక్షల రోజుల్లో తనతోపాటే లేపి, ఓవెన్ పక్కన వెచ్చగా ఉంటుందని పిండి బస్తాల మీద కూర్చోబెట్టి చదివించేది. పిచిక పాత జీవశాస్త్రం పుస్తకం విదిలిస్తే ఇప్పటికీ పేజీల్లోంచి పిండి రాలుతుంది. అలా చదివీ చదివీ ఆమె ఓ పెద్ద పరిశోధనశాలలో కుదురుకుంది. అక్కడ ఆమె పని చిట్టెలుకలతో. "మా పిచిక ఎలుకల్ని కాస్తోంది" అని అన్నయ్య కౌంటరు దగ్గర వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయేవాడు.

ఇంత సజావుగా సాగిపోతున్న ఇంట్లో ఓ ఉదయం ఓవెన్ గ్యాసు వాల్వు సన్నగా కారుతోందని ఎవరూ కనిపెట్టలేదు. వదిన ఎప్పటిలాగే వంగి లైటరు మీట నొక్కింది. టిక్కు టిక్కుమంది, అంతే. లోపల పోగుపడ్డ గ్యాసంతా ఒక్కసారిగా భగ్గుమని బయటికి తన్నుకొచ్చింది. ముంజేయి కాలింది, కనుబొమలు మాడిపోయాయి. అదృష్టం బాగుండి కళ్ళు దక్కాయి.

చెయ్యి మానింది గానీ మనిషి తేరుకోలేదు. కట్లు విప్పేశాక మళ్ళీ పనిలోకి దిగుదామని ఆవిడ కిందికి వచ్చింది. అన్నయ్య లైటరు నొక్కాడు. ఆ టిక్కు చప్పుడు వినగానే ఆవిడ నిలుచున్నచోటే కొయ్యబారిపోయింది. ఊపిరి ఆడలేదు, చేతులు ట్రేని పట్టుకుని బిగుసుకుపోయాయి. వేళ్ళు ఒక్కొక్కటే విప్పి అన్నయ్య దాన్ని తీసుకోవలసి వచ్చింది. ఇంకోరోజు ప్రయత్నించింది, అదే తంతు. ఆ తర్వాత ఆవిడ మెట్లు దిగడం మానేసింది. కొన్నాళ్ళకి కిటికీ దగ్గరికి రావడమూ మానేసింది. తిండి సయించలేదు, నిద్ర పట్టలేదు. పలకరిస్తే జవాబిచ్చేది, లేకపోతే గోడకేసి చూస్తూ పడుకునేది. తన అజాగ్రత్త వల్లే అంతా అయిందనీ, ఆ పొద్దున అన్నయ్య పక్కనే ఉండి ఉంటే ఏమయ్యేదోననీ అదే పనిగా అనుకునేది.

రొట్టె అన్నయ్య నెత్తిన పడింది. ఆయన కాల్చిన రొట్టెతో గోడ కట్టొచ్చు. అయినా పాత కొనుగోలుదార్లు ఎవరూ దుకాణం మారలేదు. ఎదురింటి బడిపంతులు గారు రోజూ వచ్చి, రొట్టెని ఓసారి కౌంటరు మీద తట్టి చూసి, పళ్ళకి మంచి వ్యాయామమని చెప్పి పట్టుకెళ్ళేవారు. ఆ పూటలన్నీ తలుచుకుంటే పిచికకి ఇప్పటికీ మనసు నిండిపోతుంది. ఎవరూ జాలి మాట ఒక్కటి అనలేదు. వచ్చారు, కొన్నారు, వెళ్ళారు.

వదినని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది పిచికే. ఆయన ఓపిగ్గా విన్నాడు, ఇది డిప్రెషన్ అని చెప్పాడు, మాత్రలు రాసిచ్చాడు, అవి పని చెయ్యడానికి కొన్ని వారాలు పడుతుందన్నాడు. పట్టింది. ముందు నిద్ర వచ్చింది, తర్వాత ఆకలి వచ్చింది, ఒకటీ అరా మాటలు కూడా వచ్చాయి. కానీ మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేది. మందు ఇంకా పూర్తిగా పట్టలేదేమోనని, అది పట్టేదాకా ఆగాలని ఆవిడ ఉద్దేశం. బస్టాపులో బస్సు కోసం కూర్చున్నట్టు మేడమీద గదిలో కూర్చుంది.

ఆ రోజుల్లో పిచిక చేస్తున్న పరిశోధన కూడా భయం గురించే కావడం కేవలం కాకతాళీయం. పద్ధతి ఇలా ఉంటుంది. చిట్టెలుకని ఓ చిన్న పెట్టెలో పెడతారు. ఒక చప్పుడు వినిపిస్తుంది, వెంటనే కాళ్ళ కింది కడ్డీల్లోంచి చిన్న షాకు తగులుతుంది. కాసేపట్లోనే దానికి లెక్క తెలిసిపోతుంది. ఆ తర్వాత షాకు లేకపోయినా సరే, ఆ చప్పుడు చెవిన పడితే చాలు, మీసం కూడా కదపకుండా బిగుసుకుపోతుంది. ఈ భయం పోగొట్టాలంటే, షాకు లేకుండా అదే చప్పుడు మళ్ళీ మళ్ళీ వినిపించాలి. వినగా వినగా, ఏమీ జరగకపోగా, బిగుసుకోవడం తగ్గుతుంది. పిల్ల ఎలుకల్లో అయితే అలా పోయిన భయం పోయినట్టే. ఎదిగినవాటిలో మాత్రం నాలుగు రోజులు పోయాక మళ్ళీ తలెత్తుతుంది. చిన్నతనంలో మెదడు పచ్చిమట్టిలా ఎటు నొక్కితే అటు ఒదుగుతుంది, ఎదిగేకొద్దీ గట్టిపడుతుంది. డిప్రెషన్‌కి మనుషులకిచ్చే మందు ఎదిగిన ఎలుకల మెదడుకి ఆ మెత్తదనాన్ని కొంత తిరిగి తెస్తుందని వేరే ల్యాబుల్లో అప్పటికే చూశారు. అందులో ఎంత నిజముందో మళ్ళీ సరిచూడడం పిచిక వంతుకి వచ్చింది.

ఆమె దగ్గరున్న ఎలుకల్లో కొన్ని తాగే నీళ్ళలో మందు కలిపేవారు, కొన్నిటికి ఉత్త నీళ్ళు. రెండు రకాల్లోనూ సగానికి షాకు లేని ఆ చప్పుడు పాఠం నడిచేది, సగం గూళ్ళలో ఊరికే ఉండేవి. ఏది ఎంతసేపు బిగుసుకుందో పిచిక వీడియోలు చూసి కొలిచేది. తన ఆశ కొలతలో దూరకుండా, ఏ ఎలుక ఏ గుంపుదో ఆమె పరిశోధనకి గైడుగా ఉన్న మేడమ్ ఆమెకి తెలియనిచ్చేవారు కాదు. ఓసారి మందుల షాపులో వదిన మాత్రలు కొంటూ అట్ట మీద పేరు చదివి పిచిక తెల్లబోయింది. ల్యాబులో ఎలుకల నీళ్ళలో కలుపుతున్నదీ అదే మందు.

కొలతలన్నీ అయ్యాక ఓ మధ్యాహ్నం మేడమ్ గుంపుల గుట్టు విప్పారు. చప్పుడు పాఠం ఒక్కటే అందుకున్న ఎలుకలకి భయం తగ్గి మళ్ళీ వచ్చింది. పాఠమూ మందూ రెండూ అందినవాటికి తగ్గింది, చాలామట్టుకి తిరిగి రాలేదు. పిచిక కళ్ళు మాత్రం మూడో గుంపు దగ్గరే ఆగిపోయాయి. అవి వారాల తరబడి మందు తాగాయి, గూటిలో కూర్చున్నాయి, అంతే. వాటి భయం వాటికి చెక్కు చెదరకుండా ఉంది.

మేడమ్ ఆమె మొహం చూసి సంగతి పసిగట్టారు. ఇంటి విషయం ఆవిడకి తెలుసు.

"సంతోషించు, తప్పులేదు. కానీ ఇది చిట్టెలుకల మాట. మీ వదిన చిట్టెలుక కాదు. ఏదైనా చేద్దామనుకుంటే ఆవిడ డాక్టర్ని అడక్కుండా చెయ్యకు."

పిచిక సరేనంది. బస్సెక్కేదాకా ఆ సరేకి కట్టుబడే ఉంది. ఇంటికి వచ్చేసరికి ఆగలేకపోయింది. మేడ మీదికి పరుగెత్తి, వదిన చెయ్యి పట్టుకుని, ఒక్క నిమిషం రమ్మంది, ఏమీ కాదంది, తను పక్కనే ఉంటానంది. పిచిక మాట కాదనడం వదినకి ఎప్పుడూ చేతకాదు. గోడకి ఆనుకుంటూ ఒక్కొక్క మెట్టే దిగింది. ఓవెన్ ముందు నిలబెట్టి పిచిక లైటరు నొక్కింది. ఒకసారి కాదు, చప్పుడు అలవాటు కావాలని వరసగా నొక్కుతూ పోయింది. తల తిప్పి చూస్తే వదిన బిగుసుకుపోయి ఉంది. పెట్టెలో చిట్టెలుకల్ని ఎన్ని వందలసార్లు అలా చూసిందో పిచికకి తెలుసు. గోడ వారన జారి పిండి బస్తాల మధ్య కూలబడి, ఆవిడ రెండు చేతులతో మొహం కప్పుకుంది.

కౌంటరు దగ్గర్నుంచి అన్నయ్య వచ్చి చూశాడు. చెల్లెలి మీద గొంతు పెంచిన మనిషి కాదు, అప్పుడూ పెంచలేదు.

"మీ వదినని కూడా పెట్టెలో పెట్టావా?" అన్నాడు.

భార్యని లేవనెత్తి నెమ్మదిగా పైకి తీసుకెళ్ళాడు. పిచిక ఆ బస్తాల మీదే కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది.

మర్నాడు ఆమె ల్యాబుకి వెళ్ళలేదు. వదిన మొహం ఎలా చూడాలో తెలియక వంటింట్లోనే తచ్చాడుతోంది. మధ్యాహ్నం వదినే పిలిచింది. మంచం మీద జరిగి చోటిచ్చింది. తిడుతుందేమోనని పిచిక తల వంచుకుని కూర్చుంది. వదిన తిట్టలేదు, ఆ ఎలుకల కథేమిటో మొదట్నుంచీ చెప్పమంది. పిచిక చెప్పింది. చప్పుడూ, షాకూ, పాఠమూ, మందూ, గూటిలో ఊరికే కూర్చున్న మూడో గుంపూ, ఏదీ దాచలేదు. అంతా విని వదిన అడిగింది.

"ఇకమీదట షాకు ఉండదని వాటికి ఎలా తెలుస్తుందే?"

"తెలియదు వదినా. మనం చెప్పలేం కదా. వినీ వినీ వాటంతట అవే తెలుసుకోవాలి."

"నాకు చెప్పొచ్చు కదా మరి?"

పిచికకి అర్థం కాలేదు.

"ఆ వాల్వు బాగు చేయించామని మీ అన్నయ్య అన్నారు. ఎవరు చేశారో, ఏం చేశారో నేను చూశానా? నువ్వు టిక్కు టిక్కుమని నొక్కుతుంటే నా దృష్టంతా దాని మీదే. ముందు అది నాకు విప్పి చూపించండి. తర్వాత సంగతి తర్వాత."

ఎన్ని నెలలకి ఆవిడ ఫలానాది కావాలని నోరు తెరిచి అడిగిందో. పిచిక ఆవిడ ఒళ్ళో తల పెట్టి క్షమించమంది. వదిన జుట్టు నిమిరి, జడ వదులైపోయిందని మళ్ళీ అల్లింది.

అదే వారం ముగ్గురూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్ళారు. జరిగిందంతా పిచికే ఒప్పుకుంది. ఆయన చివాట్లు పెట్టకపోలేదు గానీ నవ్వుతూనే పెట్టాడు. ఆలోచన తప్పు కాదని, తొందరే తప్పని అన్నాడు. ఎలుకల్లో కనబడిందంతా మనుషుల్లో కనబడాలని లేదు. కాకపోతే మందుతోపాటు భయపడే పనికి కొంచెం కొంచెంగా దగ్గరవడం మనుషుల వైద్యంలోనూ ఉన్న పద్ధతే. మాత్రలు పని చెయ్యలేదని వదిన అనుకుంటోంది గానీ, నిద్ర పట్టడం, వాల్వు చూపించమని అడగాలనిపించడం చిన్న విషయాలు కావని కూడా చెప్పాడు. ఎప్పుడు ఏ మెట్టు దిగాలో ఆవిడే నిర్ణయించుకోవాలి, ఎవరూ చెయ్యి పట్టి లాగకూడదు. ఆ మాట అంటూ ఆయన పిచిక వైపు చూశాడు.

మొట్టమొదట, అప్పట్లో వాల్వు మార్చిన గ్యాసు మెకానిక్కే వచ్చాడు. మెయిన్ వాల్వు కట్టేసి, ఓవెన్ పక్క రేకు ఊడదీసి, వదినకి ఓ స్టూలు వేశాడు. పాత వాల్వు తన సంచీలోనే ఉందని తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. లోపలి రబ్బరు ఎక్కడ చిట్లిందో చూపించాడు. మెయిన్ వాల్వు కాస్త తెరిచి, కొత్తదాని చుట్టూ సబ్బు నురగ రాసి, ఒక్క బుడగైనా లేస్తోందేమో చూడమన్నాడు. వదిన కళ్ళార్పకుండా చూసింది. తర్వాత తనే నురగ తీసుకుని మళ్ళీ రాసి మళ్ళీ చూసింది. ఇందులో ఆవిడ తప్పేమీ లేదని, ఈ రబ్బరు చిట్లితే ఎంతటి జాగ్రత్తపరులకైనా తెలియదని అతను మామూలుగా ఓ మాట అన్నాడు. వదిన ఆ చిట్లిన రబ్బరుని చాలాసేపు చేతిలోనే ఉంచుకుంది. ఇన్నాళ్ళూ ఇంట్లో వాళ్ళు చెప్పినా నమ్మని మాటని ఆవిడ ఆ మెకానిక్కు నోట విని నమ్మింది.

ఆ తర్వాత పని మెల్లగా సాగింది. గ్యాసు పూర్తిగా కట్టేసి ఉండగా పిచిక కింద లైటరు నొక్కేది, వదిన పై మెట్టు మీద కూర్చుని వినేది. చాలనిపిస్తే చెయ్యి ఎత్తేది, పిచిక ఆపేసేది. కొన్నాళ్ళకి సగం మెట్లు దిగింది. ఇంకొన్నాళ్ళకి కింది మెట్టు. ఒక్కోరోజు ఉన్నట్టుండి మళ్ళీ పైకి వెళ్ళి పడుకునేది. అలాంటప్పుడు అన్నయ్య మొహం వేలాడేసేవాడు. పిచిక మాత్రం ల్యాబులో ఎలుకలూ రోజుకో రకంగా ఉంటాయని, ఒక్కరోజు చూసి ఫలితం తేల్చెయ్యకూడదని ఆయనకి నచ్చజెప్పేది. వదిన లైటరు తన చేత్తో నొక్కిన రోజున అన్నయ్య తడి గోనెపట్టా పట్టుకుని వెనకే నిలబడ్డాడు. ఆయన కంగారు చూస్తుంటే తనకి దడ పుడుతోందనీ, వెళ్ళి కౌంటరు చూసుకోమనీ ఆవిడే పంపేసింది.

చివరికి ఓ ఉదయం గ్యాసు తెరిచే ఉంచారు. వదిన కొత్త వాల్వు చుట్టూ నురగ రాసింది, చూసింది, తుడిచింది. వంగి, ఊపిరి బిగబట్టి, మీట నొక్కింది. నీలిమంట బుద్ధిగా వరసకట్టి వెలిగింది. ఆవిడ కళ్ళు మూసుకోలేదు. ఓవెన్ ముందే నేల మీద కూర్చుండిపోయి, ఆ మంటని చూస్తూ, కాసేపటికి పక్కకి చెయ్యి చాచింది. పిచిక వెళ్ళి ఆ చేతిని పట్టుకుంది.

ఆ రోజు రొట్టె చూడ్డానికి ముచ్చటగా పొంగింది గానీ, కంగారులో ఆవిడ ఉప్పు వెయ్యడం మరిచిపోయింది. బడిపంతులు గారు సాయంత్రం మళ్ళీ వచ్చారు. ఇంకో రొట్టె కావాలన్నారు. పొద్దునది చప్పగా లేదా అని అన్నయ్య నసిగితే, మెత్తగా ఉందయ్యా, అంతకంటే ఏం కావాలి అన్నారు.

భయం అసలు పూర్తిగా పోలేదు. వీధిలో ఏదైనా ఢామ్మంటే వదిన ఇప్పటికీ ఉలిక్కిపడుతుంది. కానీ ఉలిక్కిపడి, ఓసారి గుండె మీద చెయ్యి వేసుకుని, మళ్ళీ ముద్ద చేతిలోకి తీసుకుంటుంది. మాత్రలు ఇంకొన్నాళ్ళు వాడాలని డాక్టరు అన్నాడు, వాడుతోంది.

ఇదంతా కాస్త కుదుటపడ్డాక ఆవిడ ఓ కోరిక కోరింది. ఆ ఎలుకల్ని తనకి చూపించాలట. బయటివాళ్ళని ఎలుకల గదిలోకి రానివ్వరని పిచిక చెప్పింది. అయినా మేడమ్‌ని అడిగితే, మైక్రోస్కోపు దాకా తీసుకురమ్మన్నారు. ఓ సెలవురోజున ఇద్దరూ వెళ్ళారు. వదిన ఉతికిన బట్టలు కట్టుకుని, చేతిలో రొట్టెల సంచీతో ఆ పొడుగాటి వరండాలో మెత్తగా నడిచింది.

పిచిక గాజుపలక పెట్టి, అద్దాలు సర్ది, కుర్చీ ఖాళీ చేసింది. భయం పాఠాలు కుదురుకునే చోటు నుంచి తీసిన, ఎలుక మెదడు పల్చటి పొర అది. చీకట్లో నాడీకణాలు మెరుస్తున్నాయి. కొన్ని కణాల చుట్టూ ఆకుపచ్చని వల అల్లుకుని ఉంది. ఎదిగేకొద్దీ మెదడు ఆ వలలు బిగించుకుంటుందని, కణాలు అప్పటికి నేర్చినదాన్ని అవి పదిలంగా పట్టి ఉంచుతాయని పిచిక వివరించింది. మందు తాగిన ఎలుకల్లో ఆ వలలు కాస్త లేతగా, వదులుగా కనబడతాయి. కొత్త పాఠం దూరడానికి ఆ మాత్రం సందు చాలని తాము అనుకుంటున్నామని, ఖాయంగా చెప్పలేమని కూడా అంది. వదిన ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది.

"ఈ ఎలుక ఇప్పుడు లేదు కదూ?"

"లేదు వదినా. మెదడు చూడాలంటే ఉండదు."

"నొప్పి పుట్టిందా దానికి?"

"మత్తు ఇచ్చాకే చేస్తాం. నొప్పి తెలియదు. కానీ అంతకుముందు షాకు తగిలింది, భయపడింది. అది నా చేతులతో చేసిందే. ఆ పని ఎప్పుడూ తేలిగ్గా ఉండదు."

వదిన మళ్ళీ కన్ను ఆనించింది. కళ్ళు తుడుచుకోవడానికి తల ఎత్తింది, మళ్ళీ ఆనించింది.

"వాటికి చెబుదామని వచ్చాను. ఎలా చెప్పడం? నీకే చెబుతున్నాను పిచికా. నేను చల్లగా ఉన్నాను. మళ్ళీ నా చేతుల్లో పిండి ఉంది. వాటి మేలు మాత్రం మరిచిపోను."

పిచిక తను వదినకి చెప్పవలసిన మాటని వదినే తనకి చెప్పేస్తోంది. జడలూ, జ్వరాలూ, పిండి బస్తాల మీద చదివిన పాఠాలూ అన్నీ ఒక్కసారిగా నాలుక చివరికి వచ్చాయి. వదిన భుజం మీద గడ్డం ఆనించి, ఆవిడ లేచేదాకా అలాగే నిలబడింది. మేడమ్ గదిలోకి రాబోయి, ఇద్దర్నీ చూసి, చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్ళారు. ఇంటికి బయల్దేరేటప్పుడు వదిన రొట్టెల సంచీ మేడమ్ బల్ల మీద పెట్టింది. ఈసారి ఉప్పు వేశానని చెప్పింది. ఆ మాటకి మేడమ్ ఎందుకు నవ్వాలో తెలియకపోయినా నవ్వారు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని వదిన ఆపకుండా మాట్లాడింది. గింజలు కలిపి ఓ కొత్త రకం రొట్టె చెయ్యాలట. ముద్దని ముందు రోజు సాయంత్రమే కలిపి చల్లగా ఉంచితే రొట్టె పైపొర బాగా వస్తుందట. ఓవెన్ ఓ మూల ఎక్కువ కాలుతోంది, ట్రేలు మధ్యలో ఓసారి తిప్పాలి, ఆ సంగతి మీ అన్నయ్యకి ఎన్ని చెప్పినా బుర్రకెక్కదు. పిచిక ఊఁ కొడుతూ వింది. లోపల మాత్రం ఒక్కొక్కరినే తలుచుకుంటోంది. నురగ రాసి చూపించిన మెకానిక్కుని, తొందరపడొద్దన్న డాక్టర్ని, గోడలాంటి రొట్టె నమిలిన పంతులు గారిని, ఒక్క మాటతో తనని ఆపిన అన్నయ్యని, తను ఎత్తుకుంటే అరచేతిలో వెచ్చగా ముడుచుకునే ఆ చిట్టెలుకల్ని.

తాము దిగవలసిన స్టాపు దాటిపోయిందని ఇద్దరూ చూసుకునేసరికి బస్సు ఇంకో వీధిలోకి తిరిగిపోయింది. దిగి వెనక్కి నడవడం మొదలుపెట్టారు. వదిన గింజల రొట్టె గురించి ఇంకా చెబుతూనే ఉంది.